సీఎన్‌సీ పనికి తగిన క్యామ్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం: చిన్న మెషిన్ షాపులకు సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వంటి పారిశ్రామికవాడల్లో రెండు మూడు వీఎంసీలు (కంప్యూటర్ ఆదేశాలతో, అంటే సీఎన్‌సీతో నడిచే నిలువు మిల్లింగ్ మెషిన్లు), ఒక టర్నింగ్ సెంటర్ (సీఎన్‌సీ లేత్) పెట్టుకుని జాబ్ వర్క్ చేసే షాపులు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్ని రక్షణ, అంతరిక్ష రంగాలకు భాగాలు చేసి ఇస్తాయి, కొన్ని ప్లాస్టిక్ అచ్చులు తయారుచేస్తాయి, మరికొన్ని ఫార్మా యంత్రాలకు విడిభాగాలు అందిస్తాయి. ప్రోగ్రామర్ మెషిన్ ముందు నిలబడి చేత్తో ప్రోగ్రామ్ కొడుతుంటే, టూలును తిప్పే స్పిండిల్ ఖాళీగా ఆగి ఉండే పరిస్థితి వచ్చినప్పుడు, ఏ క్యామ్ కొనాలన్న ప్రశ్న ప్రతి షాపు యజమాని ముందుకూ వస్తుంది.

క్యామ్ చేసే పనిని ఒక్క మాటలో చెప్పాలంటే, కంప్యూటర్‌లోని త్రీడీ మోడల్‌ను తీసుకుని, ఏ టూలు ఏ దారిలో, ఎంత లోతున, ఎంత ఫీడ్‌తో (టూలు ముందుకు జరిగే వేగంతో) కోయాలో నిర్ణయించి, దాన్ని మన మెషిన్‌కు అర్థమయ్యే జీ-కోడ్‌గా రాసి ఇవ్వడం. పేరున్న ప్యాకేజీలన్నీ ఈ పని చేస్తాయి. అయితే మన జాబులకు, మన కంట్రోలర్‌కు (జీ-కోడ్‌ను చదివి మెషిన్‌ను నడిపే భాగానికి), మన ప్రోగ్రామర్‌కు ఏది కుదురుతుందో బ్రోచర్ చూసి తేల్చుకోవడం సాధ్యం కాదు. మన సొంత జాబును మన సొంత మెషిన్ మీద కోయించి చూడకుండా ఏ ప్యాకేజీకీ డబ్బు కట్టకూడదన్నది ఈ వ్యాసం మొత్తానికి ఆధారమైన అభిప్రాయం. కింది అడుగులన్నీ ఆ పరీక్షకు సిద్ధం కావడానికీ, దాన్ని సరిగ్గా చేయడానికీ ఉద్దేశించినవే.

మొదటి అడుగు: గత ఏడాది డ్రాయింగులను వేరుచేయడం

సాఫ్ట్‌వేర్ డీలర్‌కు ఫోన్ చేసే ముందు, గత పన్నెండు నెలల్లో షాపులో నడిచిన జాబుల డ్రాయింగులన్నీ బయటికి తీసి కుప్పలుగా విడదీయాలి. ప్లేట్లు, బ్రాకెట్లు, ఫ్లాంజ్‌లు, హౌసింగ్‌ల వంటి పాకెట్లు, రంధ్రాలు, ట్యాపింగ్ ఉన్నవన్నీ రెండున్నర యాక్సిస్ (ఒక లోతు దగ్గర నిలిపి ఆ తలంలోనే కోసే పని) కుప్పలోకి వెళతాయి. అచ్చులు, ఈడీఎం (విద్యుత్ నిప్పురవ్వలతో లోహాన్ని తొలిచే పద్ధతి) ఎలక్ట్రోడ్ల వంటి వంపు ఉపరితలాలు ఉన్నవి మూడు యాక్సిస్ సర్ఫేస్ పని కిందికి వస్తాయి. జాబును వాలుగా తిప్పి, లాక్ చేసి కోసేవి త్రీ ప్లస్ టూ రకం. ఇంపెల్లర్, బ్లేడ్ వంటివి ఐదు యాక్సిస్‌లూ ఒకేసారి కదిలితే తప్ప కావు. టర్నింగ్, లైవ్ టూలింగ్‌తో (లేత్‌లోనే తిరిగే మిల్లింగ్ టూళ్లతో) టర్న్-మిల్, వైర్‌కట్ (విద్యుత్ తీగతో కోత) కుప్పలను వేరుగా పెట్టాలి.

వందలో తొంభై డ్రాయింగులు మొదటి కుప్పలోనే పడితే, ఐదు యాక్సిస్ మాడ్యూల్ ఎంత గొప్పగా ఉన్నా ఇప్పుడు దానికి డబ్బు పెట్టనవసరం లేదు. రేపు ఐదు యాక్సిస్ మెషిన్ కొంటామన్న ఆలోచన ఉంటే, ఆ మాడ్యూల్‌ను తరువాత చేర్చుకోవడానికి ఎంత అవుతుందో ఇప్పుడే లిఖితపూర్వకంగా తీసుకుంటే సరిపోతుంది. ఇక, సాదా షాఫ్టులు, బుష్‌లు మాత్రమే తిప్పే టర్నింగ్ షాపుకు అసలు క్యామ్ అవసరం ఉందా అని కూడా ఆలోచించాలి. ఫానుక్‌లోని మాన్యువల్ గైడ్ ఐ, సీమెన్స్‌లోని షాప్‌టర్న్, మజాక్‌లోని మజాట్రోల్ వంటి సౌకర్యాలతో కంట్రోలర్ మీదే కొలతలు నింపి ప్రోగ్రామ్ తయారుచేసుకోవచ్చు. మెషిన్‌తో పాటు ఇప్పటికే డబ్బు చెల్లించిన ఆ ఆప్షన్‌ను ఎవరూ తెరిచి చూడని షాపులు చాలా ఉన్నాయి.

రెండో అడుగు: మెషిన్ హద్దులు తెలుసుకోవడం

ప్రతి మెషిన్‌కూ ఒక కాగితం పెట్టి కంట్రోలర్ మోడల్, అందులో పనిచేస్తున్న ఆప్షన్లు, స్పిండిల్ గరిష్ఠ వేగం, ప్రోగ్రామ్ మెమరీ, ప్రోగ్రామ్ పంపే దారి రాసుకోవాలి. వీటిలో మెమరీ గురించి అడిగేవారు తక్కువ, దానివల్ల ఇబ్బంది పడేవారు ఎక్కువ.

పాత ఫానుక్ కంట్రోలర్లలో ప్రోగ్రామ్ మెమరీని టేపు పొడవులో చెప్పేవారు. 640 మీటర్లు అంటే 256 కిలోబైట్లు. రంధ్రాలు, పాకెట్ల జాబులకు అది చాలినా, ఒక అచ్చు ఉపరితలానికి ఫినిషింగ్ ప్రోగ్రామ్ తీస్తే అది కొన్ని మెగాబైట్లు సులభంగా దాటుతుంది. అప్పుడు ప్రోగ్రామ్‌ను ఆర్ఎస్-232 కేబుల్ ద్వారా కొద్దికొద్దిగా పంపుతూ నడపాల్సి వస్తుంది. 9600 బాడ్ వేగంలో ఆ కేబుల్ సెకనుకు సుమారు 960 అక్షరాలు మోస్తుంది. ఒక్కో బ్లాకులో 24 అక్షరాలు ఉంటే సెకనుకు 40 బ్లాకులు మాత్రమే మెషిన్‌కు అందుతాయి. క్యామ్ ఆ వంపును 0.1 మి.మీ. ముక్కలుగా విడగొట్టి ఉంటే, టూలు సెకనుకు 4 మి.మీ., అంటే నిమిషానికి 240 మి.మీ. మించి కదలలేదు. ప్రోగ్రామ్‌లో ఎఫ్ 2000 (నిమిషానికి 2000 మి.మీ. ఫీడ్) అని రాసి ఉన్నా మెషిన్ బ్లాకు కోసం ఆగి ఆగి నడుస్తుంది, జాబు మీద గీతలు పడతాయి. అందుకే మెమరీ కార్డు నుంచి నేరుగా నడిపే వీలు మెషిన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. చిన్న చిన్న గీతల వరుసను జీ02, జీ03 వృత్తఖండాలుగా మార్చే ఫిల్టర్, టాలరెన్స్, స్మూతింగ్ సెట్టింగులు తీసుకునే క్యామ్‌లో ఎంత చక్కగా ఉన్నాయో కూడా చూసుకోవాలి.

మూడో అడుగు: మనకు మోడల్ ఏ రూపంలో వస్తుంది?

కొందరు కస్టమర్లు స్టెప్ ఫైలు (వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య ఉమ్మడిగా వాడే త్రీడీ ఫైలు) పంపుతారు, కొందరు తాము వాడే క్యాటియా, ఎన్ఎక్స్, క్రియో, సాలిడ్‌వర్క్స్ ఫైళ్లనే నేరుగా పంపుతారు, చాలామంది పీడీఎఫ్ డ్రాయింగు ఒక్కటే ఇస్తారు. స్టెప్ ఫైలును దాదాపు అన్ని ప్యాకేజీలూ తెరుస్తాయి. క్యాటియా వంటి ఫైళ్లను నేరుగా తెరిచే ట్రాన్స్‌లేటర్లకు చాలా చోట్ల విడిగా ధర ఉంటుంది కనుక దాన్ని ముందే అడగాలి. పీడీఎఫ్ మాత్రమే వచ్చే షాపుకు మోడలింగ్ కూడా ఇంట్లోనే చేసుకోక తప్పదు. సాలిడ్‌వర్క్స్ ఇప్పటికే ఉన్నవారికి అందులోపలే పనిచేసే క్యామ్ తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే డ్రాయింగు రివిజన్ మారి మోడల్ మార్చినప్పుడు టూల్ పాత్ (టూలు నడిచే దారి) దాని వెంటే మారుతుంది.

టాలరెన్స్ విషయాన్ని కూడా ఇక్కడే చూసుకోవాలి. డ్రాయింగులో 25 మి.మీ. వెడల్పుకు ప్లస్ సున్నా, మైనస్ 0.1 అని ఉందనుకుందాం. మోడల్ 25 మి.మీ.కే గీసి ఉంటుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టు కోస్తే కొలత పై హద్దు మీద కూర్చుంటుంది, టూలు కాస్త అరిగినా జాబు సైజు దాటిపోతుంది. 24.95 దగ్గర కోయాలంటే మోడల్‌ను మార్చాలి, లేదా ఆ ఒక్క ముఖానికి మాత్రమే మైనస్ స్టాక్ (మోడల్ కొలత కన్నా కాస్త లోపలికి కోయమనే సెట్టింగు) ఇచ్చే వీలు క్యామ్‌లో ఉండాలి. ముఖాలవారీగా స్టాక్ ఇవ్వనిచ్చే ప్యాకేజీ ఇలాంటి జాబుల్లో ఎంతో సమయం మిగులుస్తుంది.

నాలుగో అడుగు: మూడు పేర్లకు కుదించడం

రెండున్నర, మూడు యాక్సిస్ పనికి తక్కువ పెట్టుబడితో మొదలుపెట్టాలనుకునేవారు సాధారణంగా ముందు చూసేది ఆటోడెస్క్ వారి ఫ్యూజన్. ఇది చందా పద్ధతిలో దొరుకుతుంది, క్యాడ్ (మోడల్ గీసే భాగం), క్యామ్ రెండూ ఒకేచోట ఉంటాయి. ఇందులో వ్యక్తిగత వాడకానికి ఇచ్చే ఉచిత రూపం వ్యాపారానికి ఉద్దేశించినది కాదు. 2020 చివరి నుంచి ఆ ఉచిత రూపంలో జీ0 ర్యాపిడ్ కదలికలను (కోయకుండా టూలు వేగంగా జరగడాన్ని), ఆటోమేటిక్ టూల్ మార్పును తీసేశారు కూడా. సాలిడ్‌వర్క్స్ చందా సక్రమంగా కడుతున్నవారికి సాలిడ్‌వర్క్స్ క్యామ్ ప్రాథమిక రూపం దానితోపాటే వస్తుంది, ప్లేటు పనికి అది చాలవచ్చు. దీనికి మూలమైన క్యామ్‌వర్క్స్ మన దేశానికే చెందిన జియోమెట్రిక్ సంస్థ చేతిలో ఉండేది, తరువాత అది హెచ్‌సీఎల్ చేతికి వెళ్లింది. మోడల్‌లోని రంధ్రాలను, పాకెట్లను తానే గుర్తించి ఆపరేషన్లు సూచించడం దాని బలం. సాలిడ్‌క్యామ్‌లోని ఐమెషినింగ్ ఫీడ్, స్పీడ్‌లను మెటీరియల్ ప్రకారం తానే లెక్కకట్టి ఇస్తుంది. రఫింగ్ (ముందుగా అదనపు లోహాన్ని తీసేసే ముతక కోత) ఎక్కువగా ఉండే షాపులు దీన్ని తప్పక చూడాలి.

మాస్టర్‌క్యామ్ 1983లో మొదలైన సంస్థది, 2021లో సాండ్విక్ దాన్ని కొన్నది. ఇది తెలిసిన ప్రోగ్రామర్లు ఎక్కువమంది దొరకడం దాని ముఖ్యమైన సౌలభ్యం. అచ్చులు, ఐదు యాక్సిస్ పనికి హైపర్‌మిల్, సీమెన్స్ ఎన్ఎక్స్ క్యామ్, పవర్‌మిల్‌లను పోల్చి చూడాలి. పవర్‌మిల్ మొదట డెల్‌క్యామ్ సంస్థది, 2014లో ఆటోడెస్క్‌లో కలిసింది. టర్న్-మిల్, స్విస్ రకం (సన్నని, పొడవాటి భాగాలు తిప్పే) మెషిన్లకు ఎస్ప్రిట్, గిబ్స్‌క్యామ్ పేరున్నవి. ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్ 2024 నవంబరులో 1.0 రూపానికి వచ్చింది. నేర్చుకునేవారికి, సాదా ప్లేటు పనికి అది ఉపయోగపడుతుంది, రోజువారీ ఉత్పత్తి భారాన్ని మాత్రం నేను దాని మీద పెట్టను.

ఈ జాబితా నుంచి మీ కుప్పలకు సరిపోయే మూడింటిని మాత్రమే తీసుకోండి. అంతకు మించితే తరువాతి అడుగుకు ఓపిక మిగలదు.

ఐదో అడుగు: మన జాబుతోనే పరీక్ష

డీలర్ తెచ్చే డెమో జాబు ఎప్పుడూ అందంగానే నడుస్తుంది, ఎందుకంటే అది ఆ సాఫ్ట్‌వేర్ బలాల కోసమే గీసినది. కనుక మనమే ఒక జాబు ఇవ్వాలి. అల్యూమినియం 6061లో ఒక హౌసింగ్ అనుకుందాం: లోతైన పాకెట్, పలుచని గోడ, మూలల్లో చిన్న రేడియస్, ఎం6 ట్యాపింగులు, అంచులకు చాంఫర్, రెండు సెటప్‌లు. డీలర్ ఇంజనీరు మన షాపుకే వచ్చి, మన ప్రోగ్రామర్ పక్కన కూర్చుని చూస్తుండగా మోడల్ తెరవడం నుంచి జీ-కోడ్ తీయడం దాకా చేయాలి.

చూడాల్సిన విషయాల్లో మొదటిది రఫింగ్. 10 మి.మీ. కార్బైడ్ ఎండ్ మిల్‌ను నిమిషానికి 300 మీటర్ల కటింగ్ వేగంతో తిప్పాలంటే సుమారు 9,550 ఆర్‌పీఎం కావాలి. మన స్పిండిల్ 8,000 దగ్గరే ఆగితే లెక్క 8,000తోనే చేయాలి. మూడు ఫ్లూట్లు (కోసే పళ్లు), ఒక్కో పంటికి 0.08 మి.మీ. చొప్పున ఫీడ్ నిమిషానికి 1,920 మి.మీ. వస్తుంది. ఇప్పుడు అడాప్టివ్ పద్ధతిలో (టూలు మీద భారం సమంగా ఉండేలా దారిని మలిచే పద్ధతిలో) పక్కకు 1 మి.మీ. మాత్రమే, అంటే టూలు వ్యాసంలో పదో వంతు కోస్తూ పూర్తి లోతుకు దిగితే, చిప్ (తెగిన లోహపు ముక్క) అసలు మందం పంటి ఫీడ్‌లో 60 శాతానికి పడిపోతుంది. చిప్ మళ్లీ 0.08 మందం రావాలంటే పంటి ఫీడ్‌ను 0.133కు పెంచాలి, ఫీడ్ నిమిషానికి దాదాపు 3,200 మి.మీ. అవుతుంది. ఈ దిద్దుబాటును సాఫ్ట్‌వేర్ తానే చేస్తుందా, ప్రోగ్రామర్‌కు వదిలేస్తుందా, మూలల్లోకి వెళ్లినప్పుడు టూలు మీద భారం ఒక్కసారిగా పెరగకుండా దారిని మలుస్తుందా అన్నవి దగ్గరగా చూడాలి. మెషిన్ పక్కన నిలబడితే చెవికే తెలుస్తుంది: మంచి అడాప్టివ్ పాత్‌లో కోత శబ్దం మొదటి నుంచి చివరి దాకా ఒకే స్థాయిలో ఉంటుంది, మూలల్లో కేక వేయదు.

తరువాత ఒక రంధ్రం స్థానాన్ని మోడల్‌లో 3 మి.మీ. జరిపి, అన్ని ఆపరేషన్లనూ మళ్లీ తీయమని అడగండి. కొన్ని ప్యాకేజీలు కొద్ది సెకన్లలో సరిచేస్తాయి, కొన్నింటిలో రేఖలను మళ్లీ ఒక్కొక్కటిగా ఎంచుకోవాల్సి వస్తుంది. కస్టమర్ నుంచి తరచూ రివిజన్లు వచ్చే షాపుకు ఈ ఒక్క తేడాయే నిర్ణయాన్ని మార్చగలదు. మొదటి సెటప్‌లో కోయగా మిగిలిన స్టాక్‌ను రెండో సెటప్ గుర్తుంచుకుంటుందో లేదో, చాంఫర్ టూలు పక్క గోడను తాకకుండా తప్పుకుంటుందో లేదో, పెద్ద టూలు వదిలేసిన మూలలను మాత్రమే చిన్న టూలు కోస్తుందా లేక గాలిలో తిరుగుతుందా అన్నవి కూడా అదే రోజు చూసేయవచ్చు.

అచ్చుల షాపు అయితే ఫినిషింగ్‌ను వేరుగా పరీక్షించాలి. 10 మి.మీ. బాల్ నోస్‌తో (గుండ్రని మొన ఉన్న టూలుతో) 0.5 మి.మీ. స్టెప్ ఓవర్ (పక్కపక్క దారుల మధ్య దూరం) పెడితే దారుల మధ్య మిగిలే గట్టు ఎత్తు సుమారు 6 మైక్రాన్లు, 0.3 పెడితే 2 మైక్రాన్ల పైచిలుకు ఉంటుంది, కానీ సమయం ఆ మేరకు పెరుగుతుంది. నిటారు గోడలకూ చదును భాగాలకూ స్టెప్ ఓవర్ ఒకే తీరులో పరుచుకుంటుందా, రెండూ కలిసే చోట గీత కనిపిస్తుందా అన్నది పాలిషింగ్ చేసే మనిషిని పిలిచి వేలితో తడిమి చూడమనండి. ఈ విషయంలో ఆయన మాట స్క్రీన్ మీది బొమ్మ కన్నా నమ్మదగినది.

ఆరో అడుగు: పోస్ట్ ప్రాసెసర్‌ను అక్షరం అక్షరం చదవడం

క్యామ్ లోపల తయారైన టూల్ పాత్‌ను మన కంట్రోలర్ భాషలోకి మార్చేది పోస్ట్ ప్రాసెసర్. క్యామ్ ఎంత గొప్పదైనా పోస్ట్ సరిగ్గా లేకపోతే ప్రతి ప్రోగ్రామ్‌నూ చేత్తో దిద్దుకోవాలి, దిద్దిన ప్రతిసారీ మెషిన్ గుద్దుకునే ప్రమాదం ఉంటుంది. కొన్నాక ఎదురయ్యే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

పరీక్ష జాబు జీ-కోడ్‌ను ప్రింట్ తీసి, అనుభవమున్న సెట్టర్‌తో (మెషిన్‌ను జాబుకు సిద్ధం చేసే మనిషితో) కలిసి చదవండి. టూల్ మార్పు తరువాత జెడ్ కిందికి దిగే ముందే జీ43 (టూలు పొడవు సవరణ) హెచ్ నంబరుతో పడుతోందా? లోతైన డ్రిల్లింగ్ జీ83 సైకిల్‌గా వస్తోందా, లేక ప్రతి పెక్ (డ్రిల్ కొంచెం దిగి పైకి లేచే అంచె) విడివిడి బ్లాకులుగా వస్తోందా? సైకిల్‌గా వస్తేనే ఆపరేటర్ మెషిన్ మీద పెక్ లోతును ఒక్కచోట మార్చుకోగలడు. ఫానుక్‌లో రిజిడ్ ట్యాపింగ్‌కు మన మెషిన్ ఎం29 అడిగితే, అది జీ84 (ట్యాపింగ్ సైకిల్) ముందు పడుతోందా? బోర్ సైజును ఆపరేటర్ ఆఫ్‌సెట్‌లో సరిచేసుకునేలా జీ41 (టూలు వ్యాసార్ధ సవరణ) డీ నంబరుతో వస్తోందా? జీ54, జీ55లతో (వేర్వేరు జాబు సున్నా స్థానాలతో) రెండు ఫిక్స్చర్లు నడిపేటప్పుడు టూల్ మార్పులు తక్కువయ్యేలా వరుస పెట్టగలదా?

ఒక్క ఉదాహరణ చాలు ఎంత జాగ్రత్త కావాలో చెప్పడానికి. ప్రోగ్రామ్ చివర జెడ్‌ను హోమ్‌కు పంపే వరుస జీ91 జీ28 జెడ్0 అని ఉండాలి. పోస్ట్ జీ91ను (ఉన్నచోటు నుంచి కొలిచే పద్ధతిని) వదిలేసి, జీ90 (జాబు సున్నా నుంచి కొలిచే పద్ధతి) అమల్లో ఉండగానే జీ28 జెడ్0 అని రాస్తే, మెషిన్ హోమ్‌కు వెళ్లే ముందు వర్క్ ఆఫ్‌సెట్‌లోని జెడ్ సున్నాకు, అంటే జాబు పై ముఖం దగ్గరికి, ర్యాపిడ్‌లో దిగుతుంది. పాకెట్ మధ్యలో టూలు పైకి లేచి ఉన్నప్పుడు ఏమీ కాకపోవచ్చు. ఎత్తైన బోల్టో క్లాంపో దారిలో ఉంటే మాత్రం స్పిండిల్ బేరింగుల దాకా నష్టం పోతుంది.

ఐదు యాక్సిస్‌లో ఈ పరిశీలన మరింత కఠినంగా ఉండాలి. వాలిన తలానికి ఫానుక్‌లో జీ68.2, సీమెన్స్‌లో సైకిల్800, టూలు మొనను అనుసరించే కదలికకు ఫానుక్‌లో జీ43.4, సీమెన్స్‌లో ట్రావోరి, హైడెన్‌హైన్‌లో ఎం128 వంటివి కావాలి. అవి మన కంట్రోలర్‌లో ఆప్షన్‌గా తెరిచి ఉన్నాయో లేదో మెషిన్ తయారీదారుని అడిగి, వాటినే వాడే పోస్ట్ ఇమ్మని డీలర్‌ను అడగాలి. పోస్ట్‌ను ఎవరు మారుస్తారు, ఎన్ని రోజుల్లో, ఎంతకు అన్నవి కూడా ముందే తేల్చుకోవాలి. ఫ్యూజన్‌లో పోస్టులు జావాస్క్రిప్ట్‌లో తెరిచి ఉంటాయి కనుక కాస్త ప్రోగ్రామింగ్ తెలిసినవారు తామే మార్చుకోగలరు. కొన్ని డీలర్ల పోస్టులకు తాళం వేసి ఉంటుంది, ప్రతి చిన్న మార్పుకూ వారి మీదే ఆధారపడాలి.

సిమ్యులేషన్ గురించి కూడా ఇక్కడే ఒక మాట. చాలా ప్యాకేజీల్లో స్క్రీన్ మీద కనిపించే సిమ్యులేషన్ పోస్ట్ కన్నా ముందరి టూల్ పాత్‌ది, అందువల్ల పైన చెప్పిన జీ28 తప్పు అందులో కనపడదు. బయటికి వచ్చిన జీ-కోడ్‌నే చదివి మెషిన్ మోడల్‌తో నడిపే వెరికట్ వంటి సాధనం ఐదు యాక్సిస్ షాపుకు, ఖరీదైన ఫోర్జింగులు కోసేవారికి పెట్టుబడికి తగినదే. మూడు యాక్సిస్ షాపుకు, టూలును పట్టుకునే హోల్డర్ జాబుకు తగలడాన్ని పసిగట్టే సిమ్యులేషన్‌తో పాటు, మొదటి జాబును సింగిల్ బ్లాకులో, ర్యాపిడ్ తగ్గించి నడిపే అలవాటు చాలు.

ఏడో అడుగు: మూడేళ్ల ఖర్చు

ధరలను ఒక్క ఏడాదికి కాక మూడేళ్లకు కలిపి పోల్చాలి. శాశ్వత లైసెన్సుకు మొదట పెద్ద మొత్తం, ఆపై ఏటా నిర్వహణ రుసుము ఉంటాయి. చందాకు మొదట తక్కువే అయినా కట్టడం ఆపిన రోజు సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. వీటికి 18 శాతం జీఎస్టీ, పోస్టుల ఖర్చు, ట్రాన్స్‌లేటర్లు, శిక్షణ, మంచి కంప్యూటరు కలపాలి. జీఎస్టీ నమోదు ఉన్న షాపుకు ఆ పన్ను సాధారణంగా ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది.

మరోవైపు ఆదాను కూడా అంకెల్లో రాసుకోవాలి. మెషిన్ రేటు గంటకు 700 రూపాయలు అనుకుని, ఒక మెషిన్ మీద రోజుకు ఒక గంట మిగిలితే, 25 పనిదినాలకు 17,500, ఏడాదికి 2,10,000 రూపాయలు. మీ షాపు సొంత అంకెలతో ఈ లెక్క వేస్తే ఎంత ధర వరకు వెళ్లవచ్చో స్పష్టంగా కనిపిస్తుంది.

క్రాక్ చేసిన కాపీలతో నెట్టుకురావడం ఎంత మామూలైపోయినా, దాన్ని గట్టిగా వద్దనే చెబుతాను. తెలిసి తెలిసి అలాంటి కాపీ వాడటం 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద నేరం, దానికి జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. అది అలా ఉంచినా, పోస్ట్ తప్పుగా రాస్తే అడగడానికి ఎవరూ ఉండరు, పెద్ద కస్టమర్ ఆడిట్‌కు వస్తే చూపించడానికి కాగితం ఉండదు.

రక్షణ రంగపు పని చేసేవారు ఇంకొక విషయం చూసుకోవాలి. డ్రాయింగులున్న కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపకూడదని కస్టమర్ ఒప్పందంలో ఉంటే, ఫైళ్లను క్లౌడ్‌లో దాచే సాఫ్ట్‌వేర్ ఎంత చౌకైనా పనికిరాదు. డాంగిల్‌తోనో (కంప్యూటర్‌కు తగిలించే లైసెన్సు తాళం), ఆఫ్‌లైన్ లైసెన్సుతోనో నడిచేదే తీసుకోవాలి. ఈ షరతును డీలర్‌తో మొదటి సంభాషణలోనే చెప్పేస్తే రెండు పక్షాలకూ సమయం కలిసి వస్తుంది.

ఎనిమిదో అడుగు: వాడే మనిషి

రోజంతా దాని ముందు కూర్చునేది ప్రోగ్రామర్, కనుక పరీక్ష రోజున ఆయన అభిప్రాయాన్ని యజమాని అభిప్రాయం కన్నా ముందు రాసుకోవాలి. ఆ ఒక్క మనిషి రేపు వేరే చోటికి వెళితే ఇంకొకరు దొరుకుతారా అన్నది కూడా ఆలోచించాల్సిందే. బాలానగర్‌లో 1968 నుంచి నడుస్తున్న సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) వంటి సంస్థల్లో ఇప్పుడు ఏ ప్యాకేజీ మీద శిక్షణ ఇస్తున్నారో కనుక్కుంటే, రాబోయే ఏళ్లలో మార్కెట్‌లో ఎవరు దొరుకుతారో అంచనాకు వస్తుంది. డీలర్ సర్వీస్ ఇంజనీరు ఊళ్లోనే ఉన్నాడా, ఫోన్ చేస్తే తెలుగులో ఆపరేటర్‌కు అర్థమయ్యేలా చెప్పగలడా అన్నవి చిన్న విషయాలు కావు. విశాఖ, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల షాపు ఉన్నవారు దీన్ని మరింత గట్టిగా అడగాలి.

తొమ్మిదో అడుగు: ఆర్డరు రాసేటప్పుడు

ఆర్డరు కాగితంలో ప్యాకేజీ పేరు, మాడ్యూళ్లు, లైసెన్సు రకంతో పాటు, ఏ మెషిన్‌కు ఏ కంట్రోలర్ పోస్ట్ ఇస్తారో మోడల్ నంబర్లతో సహా విడివిడిగా రాయించాలి. శిక్షణ ఎన్ని రోజులో, అది మన జాబుల మీదే జరగాలనీ, కొన్న తరువాత ఫలానా కాలం దాకా పోస్ట్ మార్పులకు అదనపు రుసుము ఉండదనీ చేర్చాలి. సాఫ్ట్‌వేర్ వచ్చిన మొదటి వారంలో షాపులోని అసలు టూళ్లు, హోల్డర్ల కొలతలతో టూల్ లైబ్రరీ నింపి, తరచుగా వచ్చే జాబులకు టెంప్లేట్లు తయారుచేసుకోవాలి. అంతవరకు చేతి ప్రోగ్రామింగ్ ఆపకుండా, కొత్త జాబులను మాత్రమే క్యామ్ మీదికి తేవడం మంచిది. మొత్తం ధరలో కొంత భాగాన్ని, కనీసం ఐదో వంతు, చివరి వాయిదాగా నిలిపి ఉంచండి. ప్రతి మెషిన్ మీదా ఒక జాబు చేతి దిద్దుబాటు లేకుండా పూర్తయి, కొలతల రిపోర్టు మీద సెట్టర్ సంతకం పడిన తరువాతే ఆ వాయిదా చెల్లించండి.